బంతి లేస్తుందండీ, మరి గ్రాట్యుటీ?

బెజవాడలో ఉద్యోగం పోవడం ఇప్పుడు వింత కాదు. పోయిన మర్నాడు మొదలయ్యే అభినందనలే వింత. మనిషి పోతే కనీసం పదకొండో రోజుదాకా ఆగి భోజనానికి వస్తారు. ఉద్యోగం పోతే పదకొండు గంటలు కూడా ఆగరు. "అంతా మన మంచికేరా అబ్బాయ్, ఇప్పటికైనా నీకిష్టమైన పని చేసుకో" అని మేనమామ ఫోను. "నేనైతే ఎప్పుడో మానేసేవాణ్ణి బావా" అని, ఇరవై ఏళ్ళుగా ఒకే బ్యాంకులో ఒకే కుర్చీ అరగదీస్తున్న బావమరిది ఫోను. "ఐదో తారీఖు ఈఎంఐ కడుతున్నారా సార్" అని అడిగేది మాత్రం లోను ఇచ్చినవాడొక్కడే. ఊరు మొత్తం మీద అసలు సంగతి మాట్లాడిన ఆప్తుడు వాడే అనిపిస్తుంది.

ఈ అభినందనలకు ఇప్పుడు ఏసీ హాలు కూడా కుదిరింది. ఆదివారం పూట బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏదో ఒక ఫ్లెక్సీ కనబడుతూనే ఉంటుంది: ఉద్యోగం పోయిందా? బంతిలా పైకి లేవండి! ప్రవేశ రుసుము 999 రూపాయలు. పనిలేనివాళ్ళకు తగ్గింపు ఉందా అని అడగకూడదు. తగ్గింపు అడగడం నెగటివ్ ఆలోచన కిందికి వస్తుంది.

లోపలికి వెళ్ళగానే ఒక ప్యాడు, ఒక పెన్ను, ఒక ఎర్ర రబ్బరు బంతి చేతిలో పెడతారు. ప్రేరణాచార్యులవారు స్టేజీ ఎక్కి, చెవి మైకు సర్దుకుని, తన బంతిని నేలకేసి ఒక్కటి కొడతారు. "చూశారా! ఎంత గట్టిగా కొడితే అంత పైకి! మీరు బంతులా, కాదా?" "బంతులం!" అంటుంది హాలు. "నాకు వినపడలా!" "బంతులం!" పటమటనుంచి వచ్చిన నలభై ఏళ్ళ పెద్దమనిషి, పెళ్ళీడుకొస్తున్న కూతురున్న మనిషి, గొంతు చించుకుని తాను బంతినని ప్రకటిస్తాడు. గుంటూరు బ్రాడీపేటనుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అకౌంటెంటు తానూ బంతేనంటాడు. తర్వాత అందరూ లేచి నిలబడి, అధికారులిచ్చిన మెమోలు, మూసిన బ్రాంచీలు, ఆగిన ప్రాజెక్టులు తలుచుకుంటూ బంతుల్ని నేలకేసి కొట్టాలి. నలభై బంతులు. ఒకటి ఏసీకి తగులుతుంది, ఒకటి సమోసాల పళ్ళెంలో పడుతుంది. వీడియో తీసే కుర్రాడు "సార్, ఇంకోసారి, నవ్వుతూ" అంటాడు. ఉద్యోగం పోయినవాళ్ళంతా నవ్వుతూ ఇంకోసారి కొడతారు.

మూడో వరసలో ఒకాయన మాత్రం కొట్టడు. పదకొండేళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పిన మాస్టారు, మార్చిలో తీసేశారు. ఆయన బంతిని ఛాతీ ఎత్తునుంచి ఊరికే వదిలి, ఎంత లేస్తోందో చూసి, ప్యాడు మీద లెక్క వేసుకుంటున్నాడు.

లెక్క ఇదీ. గట్టిగా కొట్టిన బంతి పైకి లేస్తే, ఆ శక్తి కొట్టిన చేతిది. ఊరికే వదిలిన బంతి, వదిలిన ఎత్తుకి ఏనాడూ తిరిగి రాదు. దాని ప్రత్యావస్థాన గుణకం, అంటే పడిన వేగంలో ఎన్నో వంతు వేగంతో తిరిగి లేస్తుందనేది, 0.8 అనుకుందాం, చెడ్డ బంతేం కాదు. ఎత్తుకి వచ్చేసరికి ఆ గుణకం వర్గమవుతుంది, అంటే 0.64. మీటరునుంచి వదిలితే మొదటిసారి 64 సెంటీమీటర్లు, రెండోసారి 41, మూడోసారి 26, నాలుగోసారి 17. మిగతాది వేడి కింద, చప్పుడు కింద పోతుంది. ఆడించి చూసి, ముద్ర వేసి పంపే టెన్నిస్ బంతి సంగతే చూడండి: 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలితే 135 నుంచి 147 దాకా లేస్తే చాలు, పాసు. అంతర్జాతీయ ప్రమాణమే సగం కంటే కాస్త పైచిలుకు. బెజవాడ రబ్బరు బంతి మాత్రం 999 కట్టిన పాపానికి నూటికి నూట యాభై లేవాలి!

జీతానికీ ఇదే సూత్రం. మార్చిలో 60,000 తీసుకుంటున్న మనిషికి జూన్‌లో పక్కవీధి కాలేజీ "మార్కెట్ బాలేదు మాస్టారూ" అంటూ 38,400 ఇస్తానంటుంది. అక్కడా మార్చి రాకపోదు. తర్వాత 24,576. ఇది పైకి లేవడమని ఫ్లెక్సీ వేయించినవాడికి ఇంటర్ ఫస్టియర్ మళ్ళీ కట్టించాలి.

టీ విరామం తర్వాత రంగు చీటీలు పంచుతారు. "డబ్బు సంగతి మర్చిపోండి! మీ మనసు ఏం కోరుతోందో రాయండి!" మర్చిపోవడానికి కావలసిన డబ్బు గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు కదా, ఇబ్బంది లేదు. చీటీలు విప్పితే సగానికి సగం తిండే. టిఫిన్ సెంటరు, బిరియానీ పాయింటు, మిల్లెట్ ఇడ్లీ, అమ్మ చేతి పచ్చళ్ళు. కృష్ణా గుంటూరు జిల్లాలవాళ్ళ మనసుని ఎంత లోతుకి తవ్వినా అడుగున ఆవకాయే తగులుతుంది.

మంచిదే, పెట్టండి. కిలో ముక్కకు పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, రెండువందల గ్రాముల ఉప్పు, అరలీటరు నువ్వులనూనె, రెండు చెంచాల మెంతులు. ఇంతవరకు యూట్యూబు చెబుతుంది. ప్రతి ముక్కకీ టెంక ఉండాలని, జీడి తీసి లోపలి పొర గీకాలని, పొడిగుడ్డతో ముక్క ముక్కా తుడవాలని, ఎక్కడ తడి మిగిలితే అక్కడినుంచే బూజు మొదలవుతుందని చెప్పేది అమ్మ. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె ముక్క మీదికి తేలకపోతే మళ్ళీ పొయ్యాలి. ఆ నూనె మొదటి లెక్కలో ఎవడూ రాయడు. ఉప్పు తగ్గించినందుకు "హెల్దీ" అని మెచ్చుకున్న కస్టమరే జూలైలో బూజు ఫొటో పంపుతాడు. సీలు సరిగా పడని డబ్బా కొరియర్ సంచిలో తలకిందులై, నూనె ఇంకొకరి పార్సిల్‌లోని పట్టుచీర మీదికి వెళుతుంది. లేబుల్ మీద 14 అంకెల ఆహారభద్రత నంబరు, బరువు, ధర, తయారీ తేదీ ఉండాలి. "ప్రేమతో చేసినది" అని రాస్తే సరిపోదు.

అసలు చిక్కు ఇవేవీ కాదు. ఆవకాయకు పనికొచ్చే పచ్చికాయ దొరికేది వేసవిలో కొన్ని వారాలు. ఏడాది సరుకంతా అప్పుడే పెట్టాలి. అంటే ఉన్న డబ్బంతా మేలో జాడీలోకి దిగుతుంది, తిరిగి చేతికొచ్చేది మరుసటి సంక్రాంతిదాకా చెంచా చెంచాగా. నెల జీతం ఆగిపోయినవాడికి ఏరికోరి చూపించిన వ్యాపారం ఇదీ! చివర్లో లాభమని కనబడేదాంట్లో చాలాభాగం అమ్మ కూలి. అరవై దాటినావిడ రోజుకు ఆరు గంటలు పీటమీద కూర్చుని ముక్కలు తుడిస్తే, దాన్ని కొడుకు "ప్యాషన్" అని ఇన్‌స్టాలో పెడతాడు. ఆవిడ నడుముకి రోజుకూలి కట్టి అప్పుడు చెప్పండి, లాభమెంతో.

నాలుగు గంటల కార్యక్రమంలో ప్రేరణాచార్యులవారు పొరపాటున కూడా పలకని మాట ఒకటుంది. రాజీనామా.

మార్చి నెలాఖర్లో మాస్టారిని కాలేజీ ఆఫీసుకి పిలుస్తారు. టేబుల్ మీద తెల్లకాగితం, పెన్ను సిద్ధంగా ఉంటాయి. "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాయమంటారు. ఫిజిక్సు చెప్పడానికి చేరిన మనిషిని జనవరినుంచి వీధివీధీ తిప్పి, పదో తరగతి పిల్లల ఇళ్ళ ముందు నిలబెట్టి, పదిహేను అడ్మిషన్ల టార్గెట్‌కి తొమ్మిదే తెచ్చాడని తీసేస్తూ, కారణం వ్యక్తిగతమా? ఎవరి వ్యక్తిగతం? సంతకం పెట్టకపోతే సర్టిఫికెట్లు ఇవ్వరట. పదో తరగతి మెమోనుంచి ఎమ్మెస్సీ పట్టాదాకా ఒక మనిషి చదువంతా బీరువాలో పెట్టి తాళమేసుకుని, పిల్లలకు విలువలు నేర్పిస్తామని బోర్డు కడతారు! తాకట్టు కొట్టే నయం, డబ్బిచ్చి మరీ పెట్టుకుంటుంది. సిగ్గులేని పని ఇది. దీన్ని "జీవితం ఇచ్చిన మలుపు" అని పిలిచి చప్పట్లు కొట్టించడం ఇంకా సిగ్గులేని పని.

ఆ కాగితం ఖరీదు కట్టి చూద్దాం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి సిబ్బంది తగ్గింపు పేరుతో తీసేస్తే నెల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పైగా పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం. కొత్త పని నేర్చుకోవడానికని మరో పదిహేను రోజుల జీతం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. "నేనే మానేస్తున్నాను" అని రాసిచ్చిన మరుక్షణం ఈ మూడూ గాలికి పోతాయి. కాబట్టి రాయకండి. తీసేస్తున్నట్టు వాళ్ళనే రాసిమ్మనండి. ఇవ్వం అంటే, అదే రోజు "ఫలానా తేదీన నన్ను రావద్దన్నారు" అని ఒక మెయిలు, ఒక స్పీడుపోస్టు పంపి రసీదు దాచండి. సర్టిఫికెట్లు అడగడం కూడా ఆ ఉత్తరంలోనే, ఒక్కొక్కదాని పేరూ రాసి.

టీచర్లు కార్మికుల కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చేసింది కనుక మాస్టారికి ఆ పరిహారం లేదు. గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ సర్వీసుకి యాజమాన్యం చివర్లో కట్టివ్వాల్సిన మొత్తం, ఉంది. 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3నుంచి టీచర్లకూ వర్తింపజేశారు. ప్రైవేటు యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టు వాటిని వెనక్కి పంపింది. ఐదేళ్ళు నిండితే, రాజీనామా చేసినా సరే, ఇవ్వాల్సిందే. ఆ 60,000లో చివరి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 30,000 అనుకుందాం. దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, 11 ఏళ్ళతో హెచ్చిస్తే 1,90,384 రూపాయలు. "మేలో జీతం ఇవ్వలేదుగా, జూన్‌లో కొత్త ఆర్డరిచ్చాంగా, సర్వీసు తెగిపోయింది" అంటారు. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే నిరంతర సర్వీసే. అందుకని హాజరు పట్టీల ఫొటోలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రంగా ఉంచుకోవాలి. జీతం బకాయి సంగతికొస్తే, వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా మానేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఈ ముక్క చెప్పడానికి రబ్బరు బంతి అక్కర్లేదు. అందుకే ఎవరూ చెప్పరు.

పీఎఫ్ విషయంలో తొందరపడేవాళ్ళే ఎక్కువ. ఐదేళ్ళు నిండకుండా 50,000, ఆపైన తీస్తే పాన్ ఉన్నా పది శాతం పన్ను కోస్తారు. పింఛను రావాలంటే కావలసిన పదేళ్ళ సర్వీసుకి దగ్గర్లో ఉన్నవాడు పింఛను సొమ్ము కూడా ఊడ్చుకుంటే ఆ లెక్క మళ్ళీ సున్నానుంచే. కొత్త ఖాతాకి బదిలీ చేసుకోవడం మేలు. అన్నిటికంటే ముందు మానేసిన తేదీ పోర్టల్‌లో పడిందో లేదో చూడాలి. పాత యాజమాన్యం ఎక్కించకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మనమే ఎక్కించుకోవచ్చు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్యబీమా చాలాచోట్ల ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది. దాన్ని సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే అడగాలి. ఈలోగా ఎవడైనా "రెండు లక్షలు కడితే వెనకదారిన ఉద్యోగం" అంటే, వాడికి నమస్కారం పెట్టి తలుపు వెయ్యండి.

ఇక ఇష్టమైన పని. మాస్టారికి ఇష్టమైన పని ఏదో ఆయనకి పదకొండేళ్ళుగా తెలుసు, ఫిజిక్సు చెప్పడం. దాన్నే లాక్కుని, ఇష్టమైనది వెతుక్కోమని చీటీ ఇచ్చారు! పోయిన ఉద్యోగమంతా అయిష్టమేనని ఈ సలహాదారులకు ఎవరు చెప్పారో? రంగు చీటీ పారేసి పాత టైంటేబుల్ తీస్తే సరి. ఉదయం స్టడీ అవరు కాపలా, నాలుగు పీరియడ్ల పాఠం, మార్కులు ఎక్కించడం, తల్లిదండ్రులకు ఫోన్లు, రాత్రి డౌట్లు. ఒక్కొక్క దానికి ఎదురుగా ఎన్ని గంటలో, చేస్తున్నప్పుడు గడియారం చూశాడో లేదో రాసుకోవాలి. మాస్టారు గడియారం చూడనిది పాఠం దగ్గర, డౌట్ల దగ్గర. అంతే, చీటీ నిండింది.

తర్వాత కూడికలు. సత్యనారాయణపురంలో ఒక గది, సాయంత్రం రెండు గంటలు, డౌట్లు మాత్రమే. పన్నెండుమంది పిల్లలు, 120 నిమిషాల్లో తలా పది నిమిషాలు వస్తాయి. తలకి 1,500 చొప్పున 18,000, అద్దె 5,000 పోతే 13,000. ఫీజు ఐదో తారీఖులోపు, ముందుగా. నెలాఖరుకిస్తామన్నవాళ్ళు పరీక్షల నెలలో కనబడరు. రెండు బ్యాచ్‌లయితే 31,000. పాత జీతం కాదు, 60లో సగం. బంతి లెక్క మీకు ముందే చెప్పాం. కక్కుర్తిపడి ఒకే బ్యాచ్‌లో నలభైమందిని కూర్చోబెడితే పిల్లవాడికి మూడు నిమిషాలు, మాస్టారికి మళ్ళీ కాలేజీ. సీబీఎస్ఈ స్కూల్లో ప్లస్‌టూ చెబుదామంటే పీజీతోపాటు బీఈడీ ఉండాలి, రెండేళ్ళ కోర్సు; అది సాయంత్రపు బ్యాచ్‌లు నిలదొక్కుకున్నాక ఆలోచించవలసిన సంగతి.

హాల్లో కార్యక్రమం ముగిసింది. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడు. బంతులు తిరిగి ఇచ్చేయాలట, నాలుగింటికి ఇంకో బ్యాచ్ ఉందట. లెక్కపెడితే ముప్పై తొమ్మిది. తలుపులు మూసేశారు. పటమట పెద్దమనిషి జేబులు తడిమారు, అకౌంటెంటు లంచ్‌బాక్సు సంచి విప్పించారు. ప్రేరణాచార్యులవారు స్టేజీ మీదనుంచే "సమగ్రత" గురించి రెండు మాటలు చెబుతున్నారు.

మూడో వరస మాస్టారు లేచి ప్యాడు మడిచాడు. "నాలుగైదు సార్లు లేచాక ఇక లేవదండీ, దొర్లుతుంది. స్టేజీ కింద చూడండి."