గొర్రెలను లెక్కపెట్టాం, గడ్డిని మరిచాం

ఉగాది దాటిందంటే పాలమూరు చెలకల్లో రాత్రిపూట గొర్రెల మందలు కనిపించేవి. చుట్టూ వల కట్టి, మధ్యలో మందను పడుకోబెట్టి, కురుమలు గొంగడి కప్పుకొని పక్కనే కాపలా ఉండేవాళ్లు. తెల్లారి మంద లేచాక చూస్తే నేలంతా పెంటికలు, మూత్రం తడి. మరుసటి రాత్రికి వల పక్కకు జరిగేది. అలా చేనంతా మంద తిరిగిన ఏడాది అందులో జొన్న ఎత్తు, ఆకు రంగు దూరం నుంచే తెలిసేవి. మందకు మా ఇంట్లో మొదట జొన్నలు కొలిచి ఇచ్చేవారు, తర్వాత డబ్బులకు మారింది. ఇప్పుడు డబ్బులిస్తామన్నా మంద దొరకడం లేదు. పోయిన ఎండాకాలం ఒక కురుమ పెద్దాయనను మా చేన్లో మంద పెట్టమని అడిగాను. "మీ చేన్ల పత్తికట్టె తప్ప ఏమున్నది బిడ్డా, నా గొర్లు ఏం తినాలె?" అన్నాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ, నల్లగొండలో దేవరకొండ, మునుగోడు వైపునా మెట్ట భూముల్లో ఎక్కువ భాగం ఎర్ర చెలక, దుబ్బ నేలలే. పైమట్టి పలుచన, ఇసుక పాలు ఎక్కువ. సేంద్రియ కర్బనం చాలా చేన్లలో అర శాతం కూడా ఉండదు. వాన మాత్రం మరీ తక్కువేం కాదు, ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే కుండపోతగా వచ్చిపోతుంది. పెద్ద చినుకులు పడి చెదిరిన ఎర్రమట్టి ఎండ తగలగానే పైన గట్టి పొర కడుతుంది. ఆ పొరను చీల్చుకొని మొలక రాలేదు. తర్వాతి వాన కూడా దాన్ని దాటి లోపలికి ఇంకదు, పైపైన పారి మెత్తటి మట్టిని మోసుకొని కుంటలోకి పోతుంది. మిగిలేది గులకరాళ్లు. అలా పొర కట్టకుండా మట్టి రేణువులను పట్టి ఉంచేది పెంట, ఆకు, కుళ్లిన వేరు. అందుకే చెలకలో పశువుల ఎరువు పైరుకు బలమివ్వడంతో పాటు వాన నీళ్లను భూమిలోకి దింపే పని కూడా చేస్తుంది. యూరియా బస్తా ఆ రెండో పని చేయలేదు.

గొర్రె ఎరువుకు ఇంకో గుణం ఉంది. వ్యవసాయ పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే, గొర్రె, మేక ఎరువులో సుమారు 3 శాతం ఉంటుంది. పైగా దొడ్డిలో కుప్ప వేసిన పెంటలో మూత్రం సారం చాలావరకు ఆవిరైపోతుంది, వానకు కారిపోతుంది. మంద చేన్లోనే పడుకుంటే ఆ సారం నేరుగా మట్టిలోకి దిగుతుంది. ఎత్తిపోసే కూలి లేదు, బండి కిరాయి లేదు. కాలంతో పాటు పోనియ్యాల్సిన పాత పద్ధతి ఇదని నేను అనుకోవడం లేదు. మెట్ట రైతుకు ఇంత తక్కువ ఖర్చులో దొరికే ఎరువు ఇంకోటి లేదు.

మరి ఎందుకు పోయింది? మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1975లో పల్లెల మీద అధ్యయనం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఊర్లలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే: ఔరేపల్లి, దోకూరు. ఆ రోజుల్లో ఔరేపల్లి చెలకల్లో ప్రధానంగా కనిపించినవి జొన్న, ఆముదం. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ పత్తి వచ్చింది. ఇది ఆ ఒక్క ఊరి కథ కాదు, కల్వకుర్తి నుంచి చండూరు దాకా ఇదే చూస్తాం. ఆముదం ఆకు గొర్రె తినేది కాదు, నిజమే. కానీ పక్కనే జొన్న ఉండేది, మధ్యలో కంది సాళ్లు ఉండేవి. జొన్న కోశాక చొప్ప ఎడ్లకు, మోళ్లు మందకు, రాలిన కంది ఆకు సగం గొర్రెకు సగం నేలకు. పత్తి వచ్చాక ఆ వంతులు ఆగిపోయాయి. ట్రాక్టర్ వచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్లతో దొడ్డి పెంట పోయింది. బోరు పడ్డ చోట నల్లగొండలో బత్తాయి తోటలు వచ్చి చుట్టూ కంచె లేచింది, దాంతో మంద నడిచే దారులు మూసుకుపోయాయి.

రైతును తప్పుపట్టలేను. జొన్న వేస్తే పిట్టల టెన్షన్. ఊరంతా పత్తి వేసి ఒక్కడే జొన్న వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలతాయి. కాపలాకు మనిషి దొరకడు. పత్తిని మద్దతు ధరకు కొనడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ఉంది, ఊరి చెలకలో పండిన నాలుగు క్వింటాళ్ల జొన్నకు అంత భరోసా లేదు.

ఇటు గొర్రెల సంగతి చూద్దాం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో పంపిణీ మొదలుపెట్టింది. 2019 పశుగణనలో తెలంగాణ కోటీ 90 లక్షల గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. గొర్రెల పెంపకంలో ఉమ్మడి మహబూబ్‌నగర్ ముందు వరుసలో ఉండే జిల్లా. ఇన్ని గొర్రెలు ఏ గడ్డి తినాలనే లెక్క మాత్రం ఆ పథకంలో ఎక్కడా కనపడలేదు. మన ఊర్లలో కంచ, గైరాన్, బంచరాయి అని రకరకాల పేర్లతో పిలిచే మేత భూములు ఉండేవి. ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోతే శిఖం భూమిలో పచ్చిక మొలిచేది. వాటిలో కొన్ని పట్టాలయ్యాయి, కొన్ని ప్లాట్లయ్యాయి, కొన్ని భూ పంపిణీలో పోయాయి. 2015లో హరితహారం మొదలయ్యాక మిగిలిన చోట్ల కూడా మొక్కలు పెట్టారు, మొక్కలు పెట్టిన చోటికి మందను రానివ్వరు. చెట్టు కావాలి, కాదనను. కానీ మేత భూమిలో నాటేది తుమ్మో, అవిసో, సుబాబులో అయితే నాలుగేళ్ల తర్వాత అది మందకూ పనికొస్తుంది.

ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామసభకు, పంచాయతీకి అప్పగించేలా పథకాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు పట్టుకొని మన ఊర్లో గైరాన్ ఎన్ని ఎకరాలు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అని గ్రామసభలో అడిగిన సర్పంచును నేను చూడలేదు. పాత పహాణీల్లో సర్వే నంబర్లు ఉన్నాయి. కొలిచి, హద్దురాళ్లు వేసి, మేత భూమి అని రికార్డుకెక్కించడం అన్నింటికంటే ముందు జరగాల్సిన పని.

గొర్రెలే గుట్టలను బోడి చేశాయని అధికారులు అంటారు. అందులో కొంత నిజం ఉంది. తొలకరికి మొలిచిన గడ్డిని పొట్టిగా ఉన్నప్పుడే మళ్లీ మళ్లీ కొరికితే వేరు బలహీనపడుతుంది, గింజ పడదు, రెండు మూడేళ్లలో మంచి గడ్డి పోయి గొర్రె ముట్టని మొక్కలు మిగులుతాయి. కానీ ఇంత మందను ఇంత చిన్న జాగాలోకి నెట్టింది ఎవరు? మంద ఎప్పుడూ కదులుతూ ఉండటమే గడ్డికి రక్ష. మేత భూమిని మూడు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని తొలకరి నుంచి దసరా దాకా వదిలేస్తే గడ్డి గింజ వేసి రాలుస్తుంది. ఆ ఖాళీలో స్టైలో హమాటా విత్తనం చల్లితే ఎర్రనేలలోనూ పప్పుజాతి మేత వస్తుంది, నేలకు నత్రజనీ వస్తుంది. సర్కారు తుమ్మ సంగతి కూడా దాచకూడదు. దాని కాయ గొర్రెకు ఇష్టం, ఆ గింజ పెంటికల్లో చేన్లోకి వచ్చి మొలుస్తుంది. మంద పెట్టిన చేన్లో తొలి గుంటుక సమయానికి వాటిని పీకేయాల్సిందే.

ఏ భాగం మూయాలో, ఎప్పుడు తెరవాలో మందతో తిరిగేవాళ్లే నిర్ణయించాలి. హనుమంతరావు కమిటీ సిఫార్సులతో వాన నీటిని, మట్టిని ఊర్లోనే ఆపే వాటర్‌షెడ్ పనులకు 1995 నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఆ తర్వాత బ్రిటన్ సాయంతో నడిచిన గ్రామీణ జీవనోపాధుల పథకంలోనూ మహబూబ్‌నగర్, నల్లగొండ ఉన్నాయి. కట్టలు, చెక్‌డ్యాములు వచ్చాయి, కొన్ని బోర్లలో నీళ్లు పెరిగాయి కూడా. నేను చూసిన ఊరి వాటర్‌షెడ్ కమిటీల్లో మాత్రం భూమి ఉన్నవాళ్లే కూర్చున్నారు. గుట్టను మూసేయాలని తీర్మానం చేసినప్పుడు గొర్లకాపరి గదిలో లేడు. ఆ తీర్మానం ఒక్క వానాకాలం కూడా నిలవలేదు.

చేన్లో చేయాల్సినవి మెట్ట రైతుకు కొత్తవి కావు. వాలుకు అడ్డంగా దున్నాలి. ప్రతి మూడు నాలుగు సాళ్లకు ఒక లోతైన చాలు తీస్తే వాన నీరు పారిపోకుండా అక్కడే నిలిచి ఇంకుతుందని హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఏళ్లుగా చెబుతోంది. రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేస్తే వాన వెనకబడినా ఏదో ఒకటి చేతికొస్తుంది. ఒడ్ల మీద గ్లైరిసీడియా పెంచితే పచ్చిరొట్ట దొరుకుతుంది. చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకంలో చెరువు మట్టి తోలుకున్న రైతులకు దాని విలువ తెలుసు, చెలక చేను ఒక వారం ఎక్కువ బెట్టను తట్టుకుంది. అయితే ఒడ్డు వేయని వాలు చేన్లో పోసిన మట్టి రెండు పెద్ద వానలకు తిరిగి చెరువులోకే చేరుతుంది.

డబ్బుల విషయం. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల చిల్లరకు దొరుకుతున్నదంటే అసలు ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వమే మోస్తున్నది. మెట్ట మండలాల్లో అందులో చిన్న పాలు మంద పెట్టించుకునే రైతుకు కూలి కింద ఇస్తే, రైతు చేతిమీదుగా ఆ డబ్బు గొర్లకాపరికి చేరుతుంది. ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం భూమి లేని కాపరిని ఎప్పటికీ చేరదు. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, వ్యవసాయ విస్తరణాధికారీ పశువైద్యాధికారీ ఒకే రోజు ఒకే ఊరికి వస్తే చాలు.

ఈ వానాకాలానికి మా ఒడ్డుకు ఒడ్డున్న నలుగురం మాట్లాడుకున్నాం. ఒక్కొక్కరం రెండెకరాలు, పక్కపక్కనే, జొన్న, కంది కలిపి వేద్దామని. పిట్టల నష్టం నలుగురికీ పంచుకున్నట్టు ఉంటుంది, కాపలా వంతుల మీద కాస్తాం. ఆ మాట పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. సంక్రాంతి దాటినాక వచ్చి చూస్తానన్నాడు, మోళ్లు ఉంటే ఆ రాత్రికే వల కడతానన్నాడు.