ప్రింటుకు పెయింటింగ్ వేషం ఎందుకు?

మన కుర్ర చిత్రకారులు ఈ మధ్య తమ బొమ్మల ప్రింట్లు సొంతంగా అమ్ముకుంటున్నారు, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఆర్ట్ మేళాల్లోనూ. చాలా మంచి పరిణామం. అసలు బొమ్మ కొనే స్తోమత లేని మధ్యతరగతి ఇంటి గోడ మీదికి ఒక చిత్రకారుడి పని చేరాలంటే ఇంతకు మించిన దారి లేదు. అయితే ఆ స్టాళ్ల ముందు నిలబడి చూస్తే నాకు కడుపు మండుతోంది. ఎక్కడ చూసినా కాన్వాస్ మీద ప్రింటు, దాని మీద మెరిసే కోటింగు, చుట్టూ బంగారు రంగు ఫైబర్ బీడింగు. పది అడుగుల దూరం నుంచి ఆయిల్ పెయింటింగ్ అనిపిస్తే చాలన్నట్టు తయారు చేస్తున్నారు. ఇది చిత్రకారుడికీ నష్టమే, కొన్నవాళ్లకీ నష్టమే. మంచి కాగితం మీద అచ్చు వేసి, చుట్టూ తెల్ల అంచు వదిలి, కింద పెన్సిల్‌తో సంతకం పెట్టి, మౌంట్‌లో, అంటే మధ్యలో కిటికీలా కోసిన అట్టలో పెట్టి, ప్రింటును ప్రింటుగానే అమ్మాలి.

ఆ కోటింగు సంగతే తీసుకోండి. అచ్చయిన కాన్వాస్ మీద పారదర్శకంగా ఉండే జెల్‌ను బ్రష్‌తో పూసి, కుంచె గీతల్లాంటి గట్లు తెప్పిస్తారు. ఎదురుగా నిలబడితే బాగానే ఉంటుంది. ఒక పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడే చోటు నుంచి చూడండి. బొమ్మలో నెమలి మెడ ఒక వైపు వంపు తిరుగుతుంటే, పైనున్న జెల్ గీతలు దాన్ని అడ్డంగా కోసుకుంటూ ఇంకో వైపు పోతుంటాయి. బొమ్మ వేసిన చెయ్యి ఒకటి, జెల్ పూసిన చెయ్యి ఇంకొకటి. ఆ రెండో చేతికి నెమలితో పనిలేదు, గంటలో ఎన్ని కాన్వాసులు పూర్తయితే అంత కూలి. చిత్రకారుడు ఎంతో ఆలోచించి పెట్టిన గీత మీద ఇంకొకరి గీత రుద్దడాన్ని ఫినిషింగ్ అని ఎలా అంటాం? పైగా చెక్క ఫ్రేమ్ మీద కాన్వాస్ మడతపడే అంచుల దగ్గర ఈ పూత, దాంతోపాటు రంగు, పగిలి లేచిపోవడం మామూలే.

కాగితం అలా కాదు. కాటన్ పీచుతో చేసిన, ఆమ్లం లేని మందపాటి కాగితం దొరుకుతుంది, మూడువందల జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు), అంతకు మించి కూడా. దాని మీద కరిగిన రంగు ఉండే డై ఇంకు కాకుండా, సన్నటి రంగు పొడి ఉండే పిగ్మెంట్ ఇంకుతో అచ్చు వేస్తే రంగు త్వరగా వెలిసిపోదు, నలుపు మెరవకుండా కనిపిస్తుంది. నీటిరంగుల బొమ్మకైతే ఈ కాగితం గరుకుదనమే సగం అందం. ఇంత ఖర్చు పెట్టి అచ్చు వేసి, చివర్లో పటం కట్టించే దగ్గర మాత్రం అశ్రద్ధ చేస్తారు. మౌంట్ అంటే బొమ్మ చుట్టూ అలంకారానికి పెట్టే అట్ట అనుకుంటారు కానీ దాని అసలు పని వేరు. అద్దానికీ ప్రింటుకూ మధ్య కాస్త ఖాళీ ఉంచడమే దాని పని. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం గాలికి అద్దం లోపలి వైపు తేమ చేరుతుంది, ప్రింటు అద్దాన్ని తాకుతూ ఉంటే అక్కడక్కడ తడిసినట్టు నిగనిగలాడే మచ్చలు పడి అతుక్కుపోతుంది. తర్వాత విడదీయబోతే రంగు అద్దానికే ఉండిపోతుంది. వెనక మామూలు ఎండీఎఫ్ చెక్క నేరుగా తగిలితే దాని ఆమ్లానికి కాగితం పచ్చబడుతుంది. సెల్లో టేప్ జిగురు కొన్నేళ్లకు గోధుమ రంగు మరకై ముందు వైపుకి ఊరుతుంది. ఫెవికాల్‌తో అట్టకు అంటించేస్తే ఇక ఆ ప్రింటును ఎవరూ బాగుచేయలేరు. పై అంచున రెండు చోట్ల పల్చటి కాగితం ముక్కలు, గోధుమ స్టార్చ్ జిగురుతో అంటించి వేలాడదీస్తే చాలు, కాగితం వాతావరణాన్ని బట్టి సాగడానికీ ముడుచుకోవడానికీ చోటుంటుంది.

సంతకం పెన్సిల్‌తో ఎందుకంటే, మామూలు పెన్ను సిరా వెలిసిపోతుంది, పెన్సిల్ వెలవదు, పైగా కాగితంలోకి చిన్న గాడి పడుతుంది. వేలితో తడిమినా తెలుస్తుంది, ఇక్కడ ఒక మనిషి వచ్చి కూర్చుని తన పేరు రాశాడని. ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ బరోడాలో ప్రింట్ మేకింగ్ నేర్చుకుని, మన పల్లె మనుషుల్నీ మేకల్నీ ఎచింగుల్లోకి, అంటే లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు తొలిపించి దాని నుంచి కాగితం మీద వేసే అచ్చుల్లోకి తెచ్చారు. ఎచింగుల్లో ప్లేటు నొక్కుకుపోయిన అంచు కాగితం మీద పల్లంలా కనిపిస్తుంది. ఆ అంచును మౌంట్ కింద దాచకుండా చుట్టూ ఒక వేలెడు వదిలి పటం కడతారు తెలిసినవాళ్లు. కింద ఎడమ పక్కన 12/50 లాంటి అంకె, కుడి పక్కన సంతకం. అంటే మొత్తం 50 వేశారు, ఇది పన్నెండోది. ఆ యాభై అయ్యాక మళ్లీ వేయనని కొన్నవాళ్లకు ఇచ్చిన మాట అది. కంప్యూటర్ ప్రింటుకు ప్లేటు అరగదు, ఎన్నయినా తీయొచ్చు, కాబట్టి అక్కడ ఆ మాట ఇంకా గట్టిగా నిలబెట్టుకోవాలి. పరిమిత సంఖ్య అని చెప్పి అమ్మి, ఆరు నెలలకు అదే బొమ్మను సైజు మార్చి కొత్త ఎడిషన్ అనడం మోసం. సంఖ్య పెట్టడం ఇష్టం లేకపోతే పెట్టొద్దు, ఎన్నయినా వేస్తానని చెప్పి ధర తగ్గించి అమ్మండి, అందులో తప్పేమీ లేదు.

కాన్వాస్ వైపు వాళ్ల వాదన కూడా ఉంది. అద్దం అక్కర్లేదు, బరువు తక్కువ, కొరియర్‌లో పగలదు, ట్యూబ్‌లైట్ వెలుగు కొట్టదు, జనం అడుగుతున్నదీ అదే. రవివర్మనూ సాక్ష్యానికి తెస్తారు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి, తర్వాత లోనావాలా దగ్గర మలవ్లీకి మార్చిన ఆ ప్రెస్సు నుంచి వచ్చిన ఓలియోగ్రాఫులకు (ఆయిల్ పెయింటింగ్‌లా కనిపించే రంగు అచ్చు పటాలకు) కూడా వార్నిష్ పూసి ఆయిల్ పెయింటింగ్ మెరుపు తెచ్చేవారు కదా అంటారు. నిజమే. ఆ వార్నిష్ చాలా పటాల్లో పసుపెక్కి నల్లబడి పోయిందన్నది కూడా నిజమే. ఆ లక్ష్మీ సరస్వతుల పటాలకు జరీ, చమ్కీలు కుట్టుకున్నది ఎక్కువగా కొన్న ఇళ్లవాళ్లు, భక్తితో. ధర పెంచడానికి అమ్మేవాడు పూసే జెల్‌తో దాన్ని పోల్చలేం. ఇక అద్దం పగులుతుందన్న సమస్యకు జవాబు తేలికే. ఫ్రేమ్ లేకుండా, మౌంట్‌తో మాత్రమే, ఏ త్రీ (A3), 12×18 అంగుళాల లాంటి మామూలు సైజుల్లో అమ్మితే కొన్నవాళ్లు తమ ఊళ్లో పటాలు కట్టే షాపులోనే బీడింగు వేయించుకుంటారు, చిత్రకారుడికి ఫ్రేమ్ ఖర్చూ తప్పుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇంకొకటి. ఈ కాన్వాస్ ముసుగులోనే బాపు బొమ్మలూ వడ్డాది పాపయ్య (వపా) బొమ్మలూ అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడవుతున్నాయి. ఎవరో పాత పత్రిక నుంచి స్కాన్ చేస్తారు, రంగులు ముదురు చేస్తారు, ఫ్రేమ్‌కు సరిపోలేదని అంచు కోస్తారు, ఆ కోతలో సంతకం పోతుంది. బాపు 2014లో, వపా 1992లో కన్నుమూశారు. మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు ఉంటుంది, అంటే బాపు బొమ్మల మీద 2074 చివరి దాకా, వపా బొమ్మల మీద 2052 చివరి దాకా. ఆ హక్కు వారసులదా, పత్రికదా అన్నది అప్పటి ఒప్పందాల్ని బట్టి ఉంటుంది, ఆ షాపువాడిది మాత్రం కాదు. హక్కు ఎవరికి అమ్మినా, బొమ్మ తనదని చెప్పుకునే హక్కు చిత్రకారుడికి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఉంటుంది. మనం మాత్రం ఆ నెమలికంఠం రంగు చీరల్నీ వాలుజడల్నీ హాల్లో పెట్టుకుని మురిసిపోతూ, ఎవరు వేశారో తెలియకుండానే బతికేస్తున్నాం. వారపత్రికల కాలంలో కథకు బొమ్మ వేసిన మనిషికి కథ రాసిన మనిషి పక్కన చోటు దొరకడమే గగనం. బొమ్మ అచ్చయ్యాక అసలు ప్రతి ఏమైందో పట్టించుకున్నవాళ్లూ తక్కువే. ఇప్పుడు ఆ ప్రింటు మీదున్న చివరి గుర్తును కూడా కత్తిరించేస్తున్నారు.

అందుకే తెల్ల అంచు గురించి ఇంత పట్టుబడుతున్నాను. ఆ అంచులో పేరుంటుంది, అంకె ఉంటుంది, ఏ సంవత్సరంలో అచ్చు వేశారో రాసుకోవచ్చు. వెనక ఒక చీటీ అంటించి ఏ కాగితం, ఏ ఇంకు, ఎవరి అనుమతి అన్నది రాస్తే ఇంకా మంచిది. కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఫ్రేమ్ ధర అడిగే ముందు ఈ బొమ్మ ఎవరిది, ఎన్ని వేశారు, డబ్బు వాళ్లకు చేరుతోందా అని అడగండి. జవాబు చెప్పలేని షాపులో ఎంత మెరిసే కాన్వాస్ ఉన్నా కొనకండి.