మా ఆనపపాదుకి సంబంధం

ఆషాఢంలో మా కాకినాడ డాబా మీద 20 లీటర్ల పెయింటు డబ్బాలో రెండు ఆనపగింజలు పెట్టాను. ఒకటే మొలిచింది. ఒక్కగానొక్క బిడ్డ కదా అని మహా గారాబం చేశాను. పశువుల ఎరువు, వేపపిండి, అవి చాలవన్నట్టు వారం వారం గుప్పెడు యూరియా. పాదు పందిరెక్కింది. పందిరి దాటి బట్టలారేసే తీగెక్కింది. మా ఆవిడ జాకెట్టుని నులితీగలతో పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. ఆకు ఒక్కోటీ విస్తరంత. కాయ మాత్రం లేదు.

“యూరియా కుమ్మరిస్తే ఆకు కాక కాయొస్తుందట్రా?” అంది అమ్మ. మానేశాను.

శ్రావణంలో పూలొచ్చాయి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తెల్లారేసరికి వడిలిపోయేవి. దేనికిందా పిందె లేదు, అన్నీ సన్నకాడ మగపూలే. ముందు కొన్నాళ్లు మగపూలే పూస్తాయని అప్పటికి నాకు తెలీదు. ఊరికే తిని కూర్చునేవాళ్లంటే నాకు ఆఫీసులోనే ఒళ్లు మంట. కత్తెర తెచ్చి, మొగ్గలతో సహా రోజూ కత్తిరించేశాను.

వారం తిరిగేసరికి, బొటనవేలంత నూగు పిందెతో ఆడమొగ్గ కనబడింది. ఇంటిల్లిపాదినీ పైకి పిలిచి చూపించాను. పూసింది, వాడింది, పిందె పసుపెక్కి రాలింది. రెండోదీ అంతే.

“పుప్పొడి ఎక్కణ్ణించి వస్తుంది నాయనా? మగవాళ్లందర్నీ నువ్వే తెగనరికితివి!” అంది అమ్మ.

మూడో ఆడమొగ్గ విచ్చుకునే సాయంత్రానికి మా పాదు మీద మగపువ్వు ఒక్కటీ లేదు. పక్కింటి పిన్నిగారి డాబా మీద డజనుకి తక్కువ లేవు. పిట్టగోడ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను.

“పిన్నిగారూ, మా ఇంట్లో ఆడది ఒకటి సిద్ధంగా ఉంది. మీ ఇంట్లో మగవాళ్లు ఖాళీగానే ఉన్నారు కదా, ఒకర్ని పంపిస్తే...”

బాబాయిగారు పేపరు మడిచి లేచి వచ్చారు. ఆయన వెనకాల, పెళ్లీడుకొచ్చిన వాళ్లబ్బాయి తల దువ్వుకుంటూ వచ్చాడు. విషయం ఆనపపువ్వని విడమరిచి చెప్పేసరికి చీకటి పడింది.

“మీదే రకం బాబూ?” అన్నారు పిన్నిగారు.

“గుండ్రం.”

“మాది పొడుగు. మరి కుదురుతుందా?”

“కాయ ఎప్పుడూ తల్లి పోలికేనండీ. మీవాడి పోలిక గింజల్లోకి వెళ్తుంది. అది వచ్చే ఏడు ఆ గింజ నాటితే బయటపడుతుంది” అన్నాను గొప్పగా. ఆ ముక్క మింగేసి ఉంటే ఎంత బాగుండేదో.

తాంబూలం ఇచ్చినట్టు, ఆకులో పెట్టి రెండు మగపూలు ఇచ్చారు. మా ఆవిడ టార్చి పట్టుకుంది. రేకులు తుంచేసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య మెత్తగా రాశాను. అమ్మ అక్షింతలు వెయ్యడం ఒక్కటే తక్కువ. నాలుగు రోజులకి పిందె మెడ వంచి కిందికి వేలాడింది. పండు ఈగ కుట్టకుండా పల్చటి పాతగుడ్డ కట్టాను. పిన్నిగారు రోజూ గోడ మీంచి చూసి, “కోడలు ఎలా ఉంది?” అని అడిగేవారు.

గోరు దిగే లేతదనంలో ఉండగా, కోసేద్దామని చాకు పట్టుకుని పైకెళ్లాను. కింద అమ్మ దప్పళానికి చింతపండు నానేసింది. పిట్టగోడ అవతల పిన్నిగారు.

“కాయ మీరే ఉంచుకోండి బాబూ. తల్లి పోలిక కదా! గింజలు మాత్రం మాకివ్వు. మావాడి పోలిక అందులోనే కదా ఉందన్నావు?”

గింజ ముదరాలంటే కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. అంటే ఇంకా నెల పైమాటే. మగపెళ్లివారితో పేచీ ఎందుకని చాకు జేబులో పెట్టుకుని దిగిపోయాను.

నానిన చింతపండు ఉండిపోయింది. రైతుబజారుకెళ్లి ఆనపకాయ కొనుక్కొచ్చాను. పొడుగుదే దొరికింది.