బోర్డు కిందే దమ్ము

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించాలా, వద్దా అని మళ్లీ చర్చ మొదలైంది. బెజవాడలో రౌండ్ టేబుల్ సమావేశాలు, గుంటూరులో వినతిపత్రాలు, టీవీల్లో అటు ఇద్దరు ఇటు ఇద్దరు. వింటుంటే ఇదేదో నిన్న పుట్టిన ప్రతిపాదన అనుకోవాలి. మాకు మాత్రం ఒళ్లు మండుతోంది. నిషేధించాలా వద్దా ఏమిటి? నిషేధించి ఎన్నేళ్లయింది! ఆసుపత్రుల్లో, బళ్లలో, కోర్టుల్లో, ప్రభుత్వాఫీసుల్లో, రైళ్లలో, బస్సుల్లో పొగ తాగకూడదని 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు చెప్పింది, కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన కేసులో. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశమంతటా నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇంటర్‌కు వచ్చేశారు. మనం ఇంకా పెట్టాలా వద్దా అని బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతున్నాం.

మొన్న సాయంత్రం మా విలేకరి ఒకరు ఒక బస్టాండులో గంటసేపు కూర్చున్నారు. అది బెజవాడదా, గుంటూరుదా అన్నది ఈ రోజుకు చెప్పం. చెప్తే ఆ ఒక్కచోట రెండ్రోజులు హడావుడి చేసి, నలుగురు కూలీల చేతుల్లో బీడీలు లాక్కుని, ఫొటో దిగి, మూడో రోజుకు మర్చిపోతారు. స్తంభానికి బోర్డు ఉంది. ఇక్కడ పొగ తాగడం నేరం అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. దాని కింద 'ఫిర్యాదు చేయవలసిన అధికారి' అని, పక్కన ఒక గీత. గీత మీద పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఎప్పుడో రాసి చెరిపేసిన గుర్తులు కూడా లేవు. బోర్డుకు మూరెడు దూరంలో గోడంతా సిగరెట్లు నలిపిన నల్లటి మచ్చలు, కింద పీకలు. గంటలో తొమ్మిది మంది వెలిగించారు. వాళ్లలో ఒకాయన ఖాకీ బట్టల్లో ఉన్నారు. ఏ శాఖ ఖాకీ అని అడక్కండి.

బెంచీ మీద ఒక తల్లి, ఒళ్లో మూడేళ్ల పిల్ల. పిల్ల దగ్గుతుంటే దాని ముక్కుకు కొంగు అడ్డం పెట్టి పక్కాయన వంక చూసింది. ఆయన చాలా మర్యాదగా, "గాలి ఇటు కొడుతోందమ్మా, మీరు అటెళ్లి కూర్చోండి" అన్నాడు. ఆమె సంచీ తీసుకుని అటెళ్లింది. అక్కడ ఇంకొకాయన వెలిగించాడు. బస్సు వచ్చేలోగా ఆమె మూడు బెంచీలు మారింది. తాగినవాళ్లలో ఒక్కరూ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

ఆ ఖాళీ గీత దగ్గర కాసేపు ఆగుదాం, కథంతా అక్కడే ఉంది. 2008 నిబంధనలు చదివినవాళ్లు ఈ ఊళ్లలో ఎందరున్నారో గానీ, అవి రాసినవాళ్లు మాత్రం బాగానే ఆలోచించారు. బోర్డు ఎంత ఉండాలో కూడా చెప్పారు: ఒక వైపు 60, ఇంకో వైపు 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ప్రతి ద్వారం దగ్గర, ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర పెట్టాలి. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆ మనిషి పేరు కనపడేలా రాయాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అక్కడ ఉంచకూడదు. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలూ ఆ చోటుకు బాధ్యుడైన వ్యక్తే కట్టాలి. అంటే ఆ సాయంత్రం తొమ్మిది మంది వెలిగించినందుకు, ఆ తల్లి ఎవరికైనా చెప్పుకోగలిగి ఉంటే, ఆ చోటికి పెద్ద అయినవారి జేబుకు చిల్లు పడేది. ఎవరికి చెప్పుకోవాలి? గీత ఖాళీ. పేరు రాస్తే బాధ్యత వస్తుంది కాబట్టే పేరు రాయలేదని మా అనుమానం. బద్ధకం అని సరిపెట్టుకుందామంటే, బోర్డులో మిగతా అక్షరాలన్నీ ఎంచక్కా రాశారు మరి.

ఇక సిబ్బంది లేరన్న మాట. జరిమానా వెయ్యడానికి పోలీసే రావాలని చట్టం అనలేదు. గెజిటెడ్ అధికారులు, స్టేషన్ మాస్టర్లు, టికెట్ కలెక్టర్లు, కండక్టర్లు, ఆసుపత్రి సూపరింటెండెంట్లు, హెడ్‌మాస్టర్లు, పోస్టుమాస్టర్లు, ఇంతమంది చేతుల్లో రసీదు పుస్తకం పెట్టొచ్చు. ఎంతమందికి ఆ పుస్తకం ఇచ్చారు? అసలు తమకు ఆ అధికారం ఉందని ఎంతమంది కండక్టర్లకు చెప్పారు? మా విలేకరి నలుగురిని అడిగితే ముగ్గురు నవ్వారు, నాలుగో ఆయన "మాకెందుకండీ ఆ టెన్షన్" అన్నారు. ఆయన్ను తప్పు పట్టం. పైవాడు నడిపించని చట్టాన్ని కిందివాడు నెత్తిన వేసుకుంటే ఏమవుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు.

పొగ తాగడం వ్యక్తిగత స్వేచ్ఛ అనీ, కిళ్లీ కొట్ల వాళ్ల పొట్ట కొట్టొద్దనీ కొందరంటున్నారు. సరే, విన్నాం. తన ఇంట్లో తలుపేసుకుని తాగేవాడి జోలికి చట్టం పోవడం లేదు. పక్కవాళ్ల పొగ పీల్చి ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా పొగ తాగనివాళ్లు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బస్టాండులో పిల్లకు ఉన్న స్వేచ్ఛ సంగతి ఈ స్వేచ్ఛావాదులు ఎప్పుడైనా మాట్లాడితే వింటాం.

గుంటూరు వైపు నుంచి వచ్చే మాట ఇంకొకటి ఉంది. అది కాస్త బరువైనది. ఈ ఊరు పొగాకు తిని పెరిగిందయ్యా అంటారు. అబద్ధం కాదు. 1976 జనవరి 1న పెట్టిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. అంతకు చాలా ముందే పొగాకు కంపెనీలు ఇక్కడ గొడౌన్లు కట్టాయి. ఆకు గ్రేడింగుకెళ్లి పిల్లల్ని చదివించుకున్న ఆడవాళ్లు ప్రతి పేటలోనూ ఉన్నారు. ఈ పత్రిక చదివే ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల పేరు చెప్పి బస్టాండులో సిగరెట్ తాగే హక్కు అడగడం మాత్రం మాకు అసహ్యంగా ఉంది. టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాలకు చేరే వర్జీనియా ఆకులో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. బెజవాడ ప్లాట్‌ఫాం మీద ఒకడు సిగరెట్ ఆర్పేస్తే ప్రకాశం జిల్లాలో ఆకు కాల్చే బ్యారన్ ఆరిపోదు. 2025లో నల్ల బర్లీ రకం పొగాకు వేసిన రైతులు కొనే దిక్కులేక చేలల్లో, రోడ్ల మీద ఆకు పోసుకుని ఏడ్చారు. ఆఖరుకు రాష్ట్ర ప్రభుత్వమే సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. వెయ్యమని ఊరించి, కొనేవేళకు కంపెనీలు మొహం చాటేశాయని రైతులు మొత్తుకున్నారు. దానికీ, బస్టాండులో తాగినందుకు వేసే రెండొందల జరిమానాకూ ఏమైనా సంబంధం ఉందా? అప్పుడు రైతు పక్కన నిలబడని నోళ్లు ఇప్పుడు రైతు పేరు ఎత్తుతున్నాయి.

అసలు వేషాలు పైనుంచే మొదలవుతాయి. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర కుళ్లిన నోరు, పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు, హెచ్చరికలు వెయ్యమని 2016 నుంచి ప్రభుత్వమే కంపెనీల మెడలు వంచింది. మంచి పని. అదే ప్రభుత్వం చేతిలోని ఎల్ఐసీకి దేశంలో అతి పెద్ద సిగరెట్ కంపెనీలో పెద్ద వాటా ఉంది. అమ్మకం పెరిగితే పన్నులు, డివిడెండ్లు. తగ్గితే ఆరోగ్య మంత్రిత్వ శాఖకు శభాష్. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు ఏ పడవనూ గట్టిగా తొయ్యరు. ఈ-సిగరెట్లను 2019లో ఒక్క ఆర్డినెన్సుతో దేశమంతా ఆపేశారు. వాటికి ఇక్కడ రైతూ లేడు, వాటాలూ లేవు, అందుకే చిటికెలో అయిపోయింది. 2003 చట్టాన్ని గట్టిపరుద్దామని, జరిమానాను 200 నుంచి 2,000కు పెంచుదామని, లూజు సిగరెట్ల అమ్మకం ఆపుదామని ఒక సవరణ ముసాయిదా 2021 జనవరికల్లా జనం ముందుకు వచ్చింది. అది ముసాయిదాగానే ఉండిపోయింది. పక్కనున్న కర్ణాటక సొంతంగా సవరణ చేసుకుని, 2025లో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుని, జరిమానాను 1,000 చేసింది, కొనే వయసును 21కి పెంచింది. మనకు ఇప్పటికీ 200. ఖరీదైన ఇరవై సిగరెట్ల పెట్టె ధర ఆ జరిమానాను ఎప్పుడో దాటేసింది. పట్టుబడినవాడికి అది శిక్షలా ఉండదు, పార్కింగ్ టికెట్‌లా ఉంటుంది.

లూజు సిగరెట్ల మాట వచ్చింది కాబట్టి కాలేజీల దగ్గరికి వెళ్దాం. విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదన్నది కూడా 2003 నాటి మాటే. మన రెండు ఊళ్లూ కాలేజీల ఊళ్లు. ఊరు కాని ఊరు నుంచి వేలమంది పిల్లలు ఇక్కడ హాస్టళ్లలో ఉంటున్నారు. ఏ కాలేజీ గేటు ముందు నిలబడినా 100 గజాలు కొలవక్కర్లేదు, కిళ్లీ కొట్టు కంటికి ఆనుతుంది. కొట్టు కర్రకు పురికొసతో లైటర్ వేలాడదీసి ఉంటుంది. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఇరవై నిమిషాలు ఆ లైటర్‌కు విశ్రాంతి ఉండదు. కుర్రాడు పెట్టె కొనడు, ఒక్కటి కొంటాడు. ఒక్క సిగరెట్ మీద కుళ్లిన నోటి బొమ్మ ఉండదు కదా! అంత కష్టపడి వేయించిన 85 శాతం బొమ్మ కొట్టువాడి గల్లాపెట్టె పక్కనే ఉండిపోతుంది.

ఇదంతా ఒక్క పొగ గొడవే అయితే మేం ఇంత గొంతు చించుకోం. మా భయం వేరు. సంక్రాంతి వస్తే కోడిపందేల మీద నిషేధం ఎలా అమలవుతుందో కృష్ణా గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి చెప్పాల్సిన పని లేదు. వారం ముందు ప్రకటనలు, కత్తులు స్వాధీనం, బైండోవర్ కేసులు. భోగి నాడు టెంట్లు, ఎల్ఈడీ తెరలు, పెద్దమనుషుల కార్లు. ఒక చట్టానికి ఆ దారి అలవాటయ్యాక ప్రతి చట్టానికీ అదే దారి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు బంద్ అన్నారు. ఏ కర్రీ పాయింట్‌కైనా వెళ్లి చూడండి. హెల్మెట్ సంగతి సరేసరి, అది బండి అద్దానికి వేలాడుతుంటుంది, చెకింగ్ కనపడితే తలకెక్కుతుంది. ఇప్పుడు పొగ. నేరం అని బోర్డు కట్టి, ఆ బోర్డు కిందే నేరాన్ని అలవాటు చేయించాం. ఆ బస్టాండులో మూడేళ్ల పిల్ల కూడా చూసింది: బోర్డు మీద రాసింది వేరు, జరిగేది వేరు. ఇంత లేత వయసులో ఈ చదువు ఎవరు చెప్పమన్నారు?

ఉన్నదాన్ని అమలు చెయ్యకుండా కొత్తది కావాలనడంలో ఒక సుఖం ఉంది. కొత్త చట్టం కోసం పోరాడుతున్నామంటే పాతదానికి జవాబు చెప్పక్కర్లేదు. రోడ్లు, పార్కులు, టీ కొట్ల ముందు ఖాళీ జాగాలు ఇప్పటి చట్టంలో సరిగ్గా పడవు, నిజమే. ఆరుబయటను చట్టం మినహాయించింది. వాటిని కూడా కలపమనే వాదన మాకు ఇష్టమే. కానీ స్టేషన్లు, బస్టాండ్లు, స్టేడియాలు ఆరుబయట కిందికి రావని 2008లోనే తేల్చి చెప్పారు. హోటళ్లు, సినిమా హాళ్లు, బార్లు, షాపింగ్ మాళ్లు, ఆఫీసులు అన్నీ నిషేధంలోనే ఉన్నాయి. అవునండీ, బార్లు కూడా. 30 గదులకు తగ్గని హోటలో, 30 సీట్లకు తగ్గని రెస్టారెంటో, విమానాశ్రయమో అయితేనే విడిగా గది కట్టుకోవచ్చు. తేలిపోయిన చోట పదిహేడేళ్లుగా చేతులు ముడుచుకున్నవాళ్లు, తేలని చోట ఏదో పొడిచేస్తారని నమ్మమంటారా?

మా ఇల్లు కూడా శుభ్రంగా లేదు. మా ఆఫీసు వెనక మెట్ల మీద పీకలున్నాయి, నిన్ననే చూశాం. ఈ సంపాదకీయం రాసిన బల్ల దగ్గరి నుంచి ఇద్దరు మధ్యలో లేచి కిందికెళ్లి వచ్చారు. చట్టం రాకముందు పత్రికలు సిగరెట్ ప్రకటనలు అచ్చువేసుకున్నాయి. ఇప్పటికీ పొగాకు బ్రాండ్లే యాలకుల పేరుతో ఇచ్చే ప్రకటనల్లోని సినిమా తారల బొమ్మలకు రంగుల పేజీలు ఇస్తూనే ఉన్నాయి. ఈ పాపంలో మాకూ వాటా ఉంది. అందుకే మొదటి బోర్డు మా మెట్ల దగ్గరే కట్టాం. దాని కింద గీత మీద మేనేజరు గారి పేరు, నంబరు రాశాం. ఆయనకు ఇష్టం లేదు. పది నిమిషాల పని అది.

కలెక్టర్లకు, కమిషనర్లకు, డిపో మేనేజర్లకు, సూపరింటెండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు పది నిమిషాలు లేవా? రౌండ్ టేబుల్‌కు మూడు గంటలు దొరికాయి, శాలువాలు కప్పించుకోవడానికి అరగంట దొరికింది. మార్కర్ పెన్ను కొనడానికి టెండరు పిలవాలా?

సోమవారం పొద్దున మా ఫొటోగ్రాఫర్ మళ్లీ అదే బస్టాండుకు వెళ్తారు. అప్పటికీ ఆ గీత ఖాళీగా ఉంటే, ఊరి పేరుతో, బోర్డు పక్కన ఎవరు నిలబడి తాగుతున్నారో ఆ ఖాకీతో సహా మొదటి పేజీలో వేస్తాం.