ఆరు గుడ్లు, ఆరు డబ్బాలు, పాతికేళ్లు

డాలస్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు మొన్న వీడియో కాల్‌లో ఓ లెక్క చెప్పాడు. వాడి గదిలో రెండేళ్లుగా ఓ ఆడ బాల్ పైథాన్ పాము ఉంది. "మామయ్యా, ఒక మగదాన్ని కూడా కొంటే ఏడాదికి ఆరు పిల్లలు. ఒక్కోటి రెండు వందల డాలర్లకు పోయినా పన్నెండు వందలు." వెనక నుంచి మా అక్క గొంతు వినిపించింది. "ఉన్న ఒక్కదానికే చుట్టాలు ఇంటికి రావడం మానేశారురా!"

అక్క బాధ అక్కది. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం వాడి లెక్కే. పాముల పెంపకంలోకి కొత్తగా దిగేవాళ్లలో చాలామంది వేసే లెక్క ఇదే. ఇన్ని గుడ్లు, ఇన్ని డాలర్లు. గుడ్డు పెట్టించడం గురించి, పొదిగించడం గురించి అడిగినన్ని ప్రశ్నలు, పుట్టినవి ఎక్కడికి పోతాయన్నదాని గురించి ఎవరూ అడగరు. నా మటుకు నాకు, జత కట్టించే ముందు తేల్చుకోవాల్సింది ఆ ఒక్క సంగతే. మిగతావన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

బాల్ పైథాన్ సొంత గడ్డ పశ్చిమాఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల గడ్డినేలల్లో ఎలుక బొరియల్లో తలదాచుకునే చిన్న కొండచిలువ. బెదిరితే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. బెనిన్‌లోని ఉయిదా పట్టణంలో దీనికి ఏకంగా గుడే ఉంది. మనం నాగుల చవితికి పుట్ట దగ్గరకు వెళ్లినట్టే అక్కడివాళ్లు ఆ పాములకు మొక్కుతారు. అదే తీరం నుంచి ఏటా వేలకొద్దీ పిల్లలు పెట్టెల్లో అమెరికాకు, ఐరోపాకు ఎగుమతి అవుతుంటాయి. విషం లేదు, నాలుగైదు అడుగులకు మించి పెరగడం అరుదు, కరవడమూ తక్కువే. కొత్తవాళ్లకు ఇంతకన్నా అనువైన పాము లేదనే పేరు అలా వచ్చింది. పిల్లలు తీయడం కూడా అంతే తేలిక అనుకోవడంలోనే తిరకాసు ఉంది.

ముందు తల్లి సంగతి. ఆడదాన్ని జత కట్టించాలంటే కనీసం 1,500 గ్రాముల బరువు, మూడేళ్ల వయసు ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. మగదానికి అందులో సగం బరువు కూడా అక్కర్లేదు. గుడ్లు పట్టాక ఆడది నెలల తరబడి ఎలుకను ముట్టకపోవచ్చు. ఒంట్లో ఉన్న కొవ్వంతా గుడ్లలోకి పోతుంది. వదిలేస్తే పెట్టిన గుడ్ల చుట్టూ చుట్టుకుని అవి పిగిలేదాకా అక్కడి నుంచి కదలదు. బరువు చాలకుండా జత కట్టించిన పాము ఎముకలు తేలి, మళ్లీ కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చు. గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రాత్రి ఫోన్ చేయడానికి పాములను చూసే పశువైద్యుడి నంబరు ముందే ఉండాలి. కుక్కల డాక్టర్లందరూ పాములను చూడరు. ఒక్క శస్త్రచికిత్స ఖర్చులో మావాడి పన్నెండు వందలూ కరిగిపోతాయి.

గుడ్లు మామూలుగా ఆరు దాకా ఉంటాయి. మూడూ కావచ్చు, పదకొండూ కావచ్చు. కొన్ని పసుపు రంగులో ముడుచుకుపోయిన ఉత్త గుడ్లుగా తేలతాయి. మంచివాటిని 31, 32 డిగ్రీల వేడిలో, నీటి చుక్క నేరుగా తగలకుండా, గాలిలో తేమ నిండుగా ఉండేలా 55 నుంచి 60 రోజులు ఉంచాలి. ఇక్కడ మన పెరటికోడి జ్ఞానం పనికిరాదు. కోడి తన గుడ్లను రోజూ దొర్లిస్తుంది. పాము గుడ్డును మొదటి రోజు తర్వాత దొర్లిస్తే లోపలి పిండం ఊపిరాడక చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే పెట్టిన రోజే గుడ్డు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెడతారు. ఇక కరెంటు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. డాలస్‌లో ఇంక్యుబేటర్ పెట్టేవాడికి ఆ వారం గుర్తుండాలి.

ఇంతవరకు కష్టమైనా ఇష్టంగానే గడుస్తుంది. గుడ్డు చీల్చుకుని చిన్న మూతి బయటికి వచ్చే క్షణం కోసమే చాలామంది ఈ పని చేస్తారు. నేనది తప్పనను. అసలు కథ ఆ మర్నాడు మొదలవుతుంది. ఆరు పిల్లలకు ఆరు డబ్బాలు, ఆరు నీళ్ల గిన్నెలు, ఆరింటి కిందా వేడి. వారం పది రోజులకు తొలి కుబుసం విడుస్తాయి. అప్పుడు ఎలుక పిల్లను పెట్టాలి. నాలుగు తింటాయి, రెండు తినవు. బాల్ పైథాన్ పిల్లలు తిండి విషయంలో మహా మొండివి. కరిగించిన ఫ్రీజర్ ఎలుకను చూసి మొహం తిప్పుకుంటాయి, కదిలే ఎలుక పిల్లయితేనే పట్టుకుంటాయి. బతికున్న ఎలుకను పెట్టడానికి చేయి రాని మనిషి ఈ పనిలోకి దిగకపోవడమే మంచిది. వరసగా నాలుగైదు సార్లు తిన్నాక గానీ పరువున్న పెంపకందారు పిల్లను అమ్మడు. అంటే పిల్లలు కనీసం రెండు నెలలు మన చేతిలోనే ఉంటాయి. కొనేవాడు దొరక్కపోతే ఇరవై ఐదేళ్లు కూడా ఉండొచ్చు.

ఇరవై ఐదేళ్లు అనేది ఊరికే అన్న మాట కాదు. సెయింట్ లూయిస్ జంతుశాలలో 2020 జులైలో ఒక ఆడ బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. దాని వయసు 62 ఏళ్లు ఉంటుందని అక్కడివాళ్ల అంచనా. కనీసం పదిహేనేళ్లుగా అది మగదాని మొహం చూడలేదు! ఇంట్లో పెరిగేవి అన్నేళ్లు బతకకపోవచ్చు. కానీ ఇరవై, ముప్పై ఏళ్లు మాత్రం మామూలే. ఈ ఏడాది మావాడి గదిలో పుట్టే పిల్ల, వాడి పిల్లలు కాలేజీకి వెళ్లేనాటికి కూడా ఎక్కడో ఒక డబ్బాలో ఎలుక కోసం చూస్తూ ఉంటుంది.

మరి కొనేవాళ్లున్నారా? పెంపకంలో ఆల్బినో, అంటే ఒంట్లో నలుపు రంగే లేని, బాల్ పైథాన్ మొదటిసారి పుట్టింది 1992లో. అప్పట్లో అది వేల డాలర్ల సరుకు. ఆ ధర చూసి వందలమంది జత కట్టించారు. పాము ఏటా ఆరు పెడుతుంది, కొనేవాళ్లు మాత్రం ఏటా ఆరింతలు కారు. ఇప్పుడు అమెరికాలో ఏ సరీసృపాల మేళాకు వెళ్లినా బల్లల నిండా ఇవే పాములు కనిపిస్తాయి. మామూలు రంగు పిల్లను ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు దొరకని సందర్భాలున్నాయి. కాబట్టి కొత్తవాళ్లు 'మార్ఫ్'ల వెంట, అంటే వింత రంగులు, వింత చారల వెంట పడతారు.

అక్కడ ఇంకో మాయలెక్క ఉంది. తెల్ల మచ్చల పైబాల్డ్‌నే తీసుకోండి. దాని జన్యువు రెండు ప్రతులు ఉంటేనే రంగు బయటపడుతుంది. ఒక్కొక్క ప్రతి దాచుకున్న మామూలు రంగు జంటను కడితే, ఒక్కో గుడ్డుకూ పైబాల్డ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఆరు గుడ్లలో ఒక్కటీ పైబాల్డ్ కాకుండా పోయే అవకాశం నూటికి 18 దాకా ఉంది. మామూలుగా కనిపించే పిల్లల్లో మూడింట రెండు వంతులు ఆ జన్యువును దాచుకుని ఉండొచ్చు. ఏది దాచుకుందో కంటికి తెలియదు. కుబుసం ముక్క పంపితే జన్యు పరీక్ష చేసే ల్యాబులు ఇప్పుడు వచ్చాయి. ఆ పరీక్ష చేయించకుండా, "ఇందులో ఆ జన్యువు ఉంది" అని అమ్మేవాళ్లూ బోలెడు. తల్లిదండ్రులు ఎవరో రాసి ఉంచని పిల్లను అలా చెప్పి అమ్మడం, నా దృష్టిలో, నకిలీ విత్తనాలు అంటగట్టడం లాంటిదే.

రంగు కోసం జీవాన్ని ఏం చేస్తున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. స్పైడర్ అనే రకం ఉంది. ఒంటిమీద సాలెగూడు లాంటి సన్నటి నల్ల గీతలతో, చూడ్డానికి నిజంగా అందంగా ఉంటుంది. ఆ అందాన్నిచ్చే జన్యువుతోనే తల వణుకు వస్తుంది. కొన్నింటిలో కనీకనిపించకుండా, కొన్నింటిలో తల వెనక్కి తిరిగిపోయి, ఎలుక మీదికి దూకితే గురి తప్పేంతగా. అది పెంపకంలో లోపమనీ, మంచి వరస ఎంచుకుంటే పోతుందనీ ఏళ్ల తరబడి వాదించారు. 2022లో సీటీ స్కాన్లు తీసి చూసిన పరిశోధకులకు ఈ పాముల లోపలి చెవి నిర్మాణమే వికృతంగా కనిపించింది. శరీరాన్ని నిలకడగా ఉంచేది ఆ భాగమే. బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ తన మేళాల్లో స్పైడర్ల అమ్మకాన్ని ఆపేసింది. అమెరికాలో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. "తింటోంది, పెరుగుతోంది, దానికేం బాధ?" అన్నది వాళ్ల సమాధానం. తింటున్నంత మాత్రాన బాధ లేదనుకోవడం మనుషుల విషయంలోనూ చెల్లదు. చవగ్గా వస్తుందని కొత్తవాళ్లు మొదట కొనే మార్ఫ్‌లలో స్పైడర్ కూడా ఒకటి కావడమే ఇందులో విషాదం.

రోగాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొత్తగా కొన్న మగదాన్ని మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. జత కోసం అరువు తెచ్చిన మగదైనా అంతే. ఊపిరితిత్తులను దెబ్బతీసే నిడోవైరస్‌ను బాల్ పైథాన్‌లలో 2014లో గుర్తించారు. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే అది మోసుకొచ్చే పాములున్నాయి. నోటి నుంచి తీసిన నమూనాతో పరీక్ష చేయించవచ్చు. పాము నల్లి సంగతైతే, ఒక్కసారి పట్టిందంటే గదంతా కడిగినా వదలదు.

అమ్ముడుపోనివి, విసుగొచ్చినవి ఏమవుతాయి? కొందరు రాత్రిపూట ఊరి బయట వదిలేస్తారు. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో పాము జాతే ఉండేది కాదు. పెంపుడు కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు కొన్ని బయటపడి అక్కడి కొండల్లో స్థిరపడ్డాయి. వాటిలో ఆల్బినోలు కూడా ఉండటంతో, ఎవరి గాజుపెట్టెల్లోంచి వచ్చాయో వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అవి చేరిన చోట్ల ఆ దీవిలో తప్ప ఎక్కడా లేని పెద్ద బల్లుల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయిందని 2021లో తేలింది. పెంపుడు పాములుగా వచ్చి, బయటపడి, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో పెరిగిపోయిన బర్మీస్ పైథాన్ల కథ చాలామందికి తెలిసిందే. వాటిని వెతకడానికి 2017లో తమిళనాడు నుంచి, పాములు పట్టడంలో పేరున్న ఇరుల జాతి వాళ్లను ఇద్దరిని విమానం ఎక్కించారు. రెండు వారాలు తిరక్కుండానే పదమూడింటిని పట్టి చూపించారు.

చట్టం కూడా ఊరికో తీరుగా ఉంటుంది. హవాయిలో ఏ పామునూ పెంచకూడదు. న్యూయార్క్ నగరంలో పైథాన్లకు చోటు లేదు. నదికి ఇవతల న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు అటు ఎవరికైనా అమ్మే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్‌లో 2018 నిబంధనల ప్రకారం పెంపుడు జంతువులను వ్యాపారంగా అమ్మాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి.

ఇక మన దగ్గర. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండుతలల పాము అని పిలుచుకునే పూడుపాము, వీటిలో దేన్నీ ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి కాబట్టి ఫర్వాలేదని హైదరాబాద్‌లో, బెంగళూరులో చాలామంది అనుకునేవారు. 2022 సవరణతో ఆ సందు మూసుకుపోయింది. అంతరించే ప్రమాదమున్న జీవాల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్న జీవాలు మన చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి, బాల్ పైథాన్ అందులో ఉంది. ఉన్నవాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. పుట్టిన పిల్లలనూ చెప్పాల్సిందే. తల్లికి కాగితం లేకపోతే పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నైలో దిగిన ఓ ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. "ఇక్కడ పుట్టిన పిల్లే" అని చవగ్గా అమ్మజూపేవాడి పాము, అలాంటి సంచీలోంచి వచ్చింది కాదని నమ్మడానికి కాగితం ఒక్కటే ఆధారం.

ఇవన్నీ మావాడికి ఒకేసారి చెప్పలేదు. ఒకే ప్రశ్న వేశాను. "ఒక్క పిల్ల కూడా అమ్ముడు పోలేదనుకో, ఆరింటినీ నీ దగ్గరే ఉంచుకుంటావా?" కాసేపు మాట్లాడలేదు. తర్వాత పామును వంటింటి కాటా మీద పెట్టి ఫొటో పంపాడు. 1,340 గ్రాములు. నవంబరులో మళ్లీ తూస్తాడట. ఆ కాటా ఇక వంటకు పనికిరాదని అక్క కొత్తది ఆర్డర్ పెట్టింది.