అల్లుడుగారి ఎస్ప్రెస్సో

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో దిగే కొత్త అల్లుళ్ళని పండగ మూడు రోజులూ వంటింటి గుమ్మం దాటనివ్వకూడదని ప్రభుత్వం వెంటనే ఒక జీవో ఇవ్వాలి. భోగి నుంచి కనుమ దాకా చాలు, ఏడాది పొడుగునా అక్కర్లేదు. కోడిపందేలు ఆపమని కోర్టులు చెప్తే మనవాళ్ళు ఎంత బుద్ధిగా ఆపారో ఏటా చూస్తున్నాం కాబట్టి, దీన్ని మాత్రం కాస్త గట్టిగా అమలు చెయ్యమని మనవి.

వెనకటికి అల్లుడంటే ఒక పద్ధతి ఉండేది. వచ్చేవాడు, కూర్చునేవాడు, తినేవాడు, పడుకునేవాడు. 2022లో నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించి దేశమంతా పేపర్లకెక్కింది. ఆ అబ్బాయి అందులో ఎన్ని తిన్నాడో నాకు తెలీదు గానీ, లేచి వంటింట్లోకెళ్ళి 366వది తనే చేస్తానన్నట్టు ఎవరూ రాయలేదు. అదీ పెంపకమంటే.

ఇప్పటి అల్లుడు బెంగుళూరు నుంచి వస్తాడు. అత్తారింట్లో ఆత్రేయపురం పూతరేకులు పెడితే షుగరంటాడు, తాపేశ్వరం కాజా పెడితే ఆయిలంటాడు. అన్నీ వద్దని, బ్యాగులోంచి మోకా పాట్ తీస్తాడు.

చూడనివారి కోసం చెప్తున్నాను. అల్యూమినియంది, ఎనిమిది పలకలది, నడుం దగ్గర సన్నంగా ఉంటుంది. కింది గదిలో నీళ్ళు పోస్తారు. మధ్యలో గరాటు ఆకారపు బుట్ట, అందులో కాఫీ పొడి. పైన ఖాళీ గది. పొయ్యి మీద పెడితే కింద ఆవిరి పుట్టి, వేణ్ణీళ్ళని గొట్టంలోంచి పైకి తంతుంది. ఆ నీళ్ళు పొడిలోంచి దూరి పైగదిలోకి కాఫీగా పడతాయి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి మొదలెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆయన కొడుకు రెనాటో దేశమంతా ఊదరగొట్టి ఇటలీలో ఇంటింటికీ చేర్చాడు. ఆ రెనాటో 2016లో పోయినప్పుడు చితాభస్మాన్ని పెద్ద మోకా పాట్‌లో పెట్టే అంత్యక్రియలు జరిపారు. రాజమండ్రి కోటిలింగాల రేవులో పంతుళ్ళకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది, రేట్ల పట్టికలో ఇంకో వరస చేరుతుంది.

పాత్ర మీద నాకు కోపం లేదు. నిఖార్సయిన పాత్ర, చిక్కటి డికాక్షన్ దించుతుంది. కాఫీ కొట్టుకెళ్ళి తాగే స్తోమతు లేని ఇటలీ సంసారులకి ఇంట్లో కాఫీ ఇచ్చింది. నాకు ఒళ్ళు మండేది అందులోంచి వచ్చినదాన్ని ఎస్ప్రెస్సో అనేవాళ్ళ మీద. ఎస్ప్రెస్సో మిషను నీళ్ళని పొడిలోంచి 9 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లతో, నెడుతుంది. మోకా పాట్ పాపం ఒకటిన్నర, మహా అయితే రెండు. 1948లో గాజియా వారి మీట మిషన్లు వచ్చాకే కాఫీ మీద తేనెరంగులో ఆ మందపాటి నురగ, క్రీమా, కట్టడం మొదలైంది. మోకాలో కట్టేది ఒట్టి పొంగు, ఫొటోకి ఫోను తీసేలోపు చచ్చిపోతుంది. ఈ మాటే మా పక్కింటి అల్లుడితో అంటే, "టెక్నికల్‌గా మీరు కరెక్టే అంకుల్" అన్నాడు. టెక్నికల్‌గానట! మిగతా 7 బార్లు ఏ లెక్కన మాఫీ అయ్యాయో చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మాది అంబాజీపేట దగ్గర. కనుమ రోజు పొద్దున్న పక్కింట్లో ఇంటినిండా చుట్టాలు. అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరాలి. ప్రభలంటే దేవుణ్ణి నిలిపి, అలంకరించి, భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తైన కట్టడాలు. బయట ట్రాక్టరు సిద్ధం. వంటింట్లో ఇత్తడి ఫిల్టర్లో రాత్రే దింపిన డికాక్షను, పొయ్యి మీద మీగడ కట్టిన గేదెపాలు. కాఫీలకి వేళైంది. సరిగ్గా అప్పుడు అల్లుడుగారు లేచి నిలబడి, "అత్తయ్యగారూ, ఇవాళ కాఫీ నేను పెడతానండి" అన్నాడు.

"అయ్యో, మీకెందుకు బాబూ శ్రమ?" అన్నారావిడ. ఆవిడ చిన్నతనం నుంచి వందల పెళ్ళిళ్ళలో వందల మందికి కాఫీలు పెట్టిన మనిషి. అయినా అల్లుడన్నాక ఎదురుచెప్పకూడదు, పక్కకి తప్పుకున్నారు.

సరంజామా బయటికొచ్చింది. గ్రాములో పదోవంతు కూడా తూచే కాటా. చేత్తో తిప్పే మర. గింజల పొట్లం. గింజలు అరకువి. అరకు లోయ కాఫీకి 2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనకి గర్వకారణమే. మన్యం గిరిజనుల చేతుల్లో పండి, బెంగుళూరెళ్ళి వేగి, మళ్ళీ మనదగ్గరికి అల్లుడి సామాన్లో వచ్చింది. పొట్లం మీద "నారింజ తొక్క, బెల్లం, మల్లెపూల ఛాయలు" అని రాసుంది. ఇంటరు చదివే బామ్మర్ది అది పైకి చదివాడు. ఇంటావిడ కంగారుపడి, "మల్లెపూలు జనవరిలో ఎక్కడ దొరుకుతాయి బాబూ, బంతిపూలైతే ఉన్నాయి" అన్నారు.

బామ్మర్దికి మర అప్పగించారు. 16 గ్రాములు విసరాలి. తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు. చేతులు మారాయి. బామ్మర్ది నుంచి తోడల్లుడికి, తోడల్లుడి నుంచి కొబ్బరి దింపు డబ్బులు అడగడానికి వచ్చిన కుర్రాడికి. అతను మాత్రం రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఇంత చిన్న మర ఎందుకు కొన్నారండీ అని కూడా అడిగాడు, ఎవరూ జవాబు చెప్పలేదు.

తర్వాత పాట్‌ని గ్యాసు పొయ్యి మీద పెడితే ఊచల మధ్య నుంచి జారి ఒరిగిపోయింది. మన పొయ్యిలు అన్నం గిన్నెలకి చేసినవి మరి. అట్లపెనం మీద పెట్టనా అన్నారు అత్తగారు. అల్లుడు ఉలిక్కిపడ్డాడు. ఆఖరికి అటక మీంచి పాత ఇనప కుదురు దించి దానిమీద నిలబెట్టారు. ఇక ఉపదేశం మొదలైంది. నీళ్ళు వాల్వు కిందవరకే పొయ్యాలి. పొడి నొక్కకూడదు. అంచు తుడవాలి. సన్నసెగ. మూత తెరిచే ఉంచాలి. గురగుర వినగానే దించెయ్యాలి, లేకపోతే చేదెక్కుతుంది. అన్నీ నిజాలే. బయట ట్రాక్టరు హారను కొడుతూనే ఉంది. గంగలకుర్రు ప్రభలు ఈపాటికి కౌశిక కాలవలోకి దిగుతూ ఉంటాయని పెదమామయ్యగారు గుమ్మంలో నిలబడి గొణుగుతున్నారు. పీకల్లోతు నీళ్ళలో అంత ప్రభని భుజాల మీద ఆ ఒడ్డుకి దాటించే మొనగాళ్ళున్నారు గానీ, అల్లుడి చేతిలోంచి ఒక కాఫీ ఇవతలికి దాటించే మొనగాడు మాత్రం ఆ ఇంట్లో లేకపోయాడు.

చివరికి పాట్, తాతగారు పొద్దున్నే గొంతు పుక్కిలించినట్టు ఒక శబ్దం చేసింది. అల్లుడు దాన్ని ఎత్తి, అడుగున చన్నీళ్ళు పట్టి, గర్వంగా బల్లమీద పెట్టాడు. "త్రీ కప్ పాట్ అండి ఇది" అన్నాడు.

ఆ కప్పులు ఇటలీ కప్పులు. ఒక్కోటీ 50 మిల్లీలీటర్లు కూడా పట్టవు. మూడూ కలిపితే మన స్టీలు గ్లాసుడు కాఫీ. గదిలో ఇరవైమందికి తక్కువ లేరు. సగం నీళ్ళు పోసి పెడితే సరిగా రాదు, రెండోసారి పెట్టాలంటే పాట్ చల్లారాలి, కడగాలి, మళ్ళీ విసరాలి. అందరూ అత్తగారి వంక చూశారు. గోదావరి జిల్లాలో ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ లేదన్న ఇల్లు ఉందా? ఆవిడ నిబ్బరంగా పూజగదిలోకి వెళ్ళి ఉద్ధరిణి పట్టుకొచ్చారు.

తలా ఒక ఉద్ధరిణెడు పోశారు. అబద్ధమైతే ఒట్టు. వరసలో నిలబడ్డాం. అమ్మమ్మగారు ఎడమచెయ్యి కింద పట్టి, కుడిచెయ్యి చాపి పుచ్చుకుని, కళ్ళకద్దుకుని తాగి, తడిచెయ్యి నెత్తికి రాసుకున్నారు. "చేదుగా ఉంది, మందా?" అని అడిగారు. "అల్యూమినియంలో చింతపండు పులుసే కాచం మేం" అని కూడా అన్నారు. నారింజ తొక్క ఎవరికి తగిలిందో నాకు తెలీదు. పెదమామయ్యగారు మాత్రం తన వంతు ఉద్ధరిణెడు తీసుకెళ్ళి గ్లాసుడు గేదెపాలలో వేసి, నాలుగు చెంచాల పంచదార కలిపి, ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ అందులో ఒంపుకుని, తాగి, "ఆయ్, అల్లుడుగారి చేతి కాఫీ అద్భుతం అండి" అని ట్రాక్టరెక్కారు.

మధ్యాహ్నం గిన్నెలు తోమే ఆవిడ వచ్చింది. ఆ పాత్రని సబ్బుతో కడగకూడదని, లోపల పట్టిన కాఫీ పూతే దానికి ప్రాణమని ఎవరూ ఆవిడతో చెప్పలేదు. కొబ్బరి పీచూ బూడిదా పట్టించి, లోపలా బయటా తోమి, తళతళలాడించి ఎండలో బోర్లించింది. అల్లుడుగారు తీర్థం నుంచి వచ్చి చూసుకుని మేడమీదికి వెళ్ళిపోయారు. రాత్రి భోజనానికి దిగలేదని విన్నాను.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఒక సంగతి మధ్యలో దాటేశాను, నీళ్ళ సంగతి.

పాట్‌లో పొయ్యడానికి వంటింట్లో 20 లీటర్ల నీళ్ళ టిన్ను ఉంది. అల్లుడు జేబులోంచి పెన్ను లాంటిది తీసి అందులో ముంచాడు. అది టీడీఎస్ మీటరు, నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపిస్తుంది. కాఫీకి లీటరుకి 150 మిల్లీగ్రాముల దగ్గరుంటే శ్రేష్ఠమట. టిన్ను నీళ్ళు మరీ పలచన, 30 కూడా లేదు. బామ్మర్ది ఊరుకోడు కదా, పెన్ను లాక్కుని పెరట్లో బోరింగు నీళ్ళలో ముంచాడు. నాలుగంకెల్లోకి పోయింది. ఉప్పు. అక్కణ్ణుంచి వీధిలోకి పరిగెత్తి, ఇంటి ముందు కాలవలో ముంచాడు.

150కి ఇటూ అటూ.

"బావగారూ, సరిపోయింది, ఇదే మీ కాఫీ నీళ్ళు!" అని అరిచాడు. అందరం వెళ్ళి చూశాం. ఆ నీళ్ళమీద చికెను కొట్టు ఈకలు తేలుతున్నాయి. పసిపిల్లల డైపర్లు, పండక్కి విప్పిన ప్లాస్టిక్ సంచులు, గుర్తుపట్టలేనంతగా ఉబ్బిన కుక్క కళేబరం. పెన్నుకి ఇవేవీ కనపడవు, దానికి తెలిసింది ఉప్పొకటే. "అబ్బే, ఇది పనికిరాదు" అన్నాడు అల్లుడు, ముక్కు మూసుకుని.

పనికిరాదా? గోదావరి తల్లి ఇటలీవాళ్ళు కోరుకునే నీళ్ళు, సరిగ్గా కావలసిన లెక్కలో, మన గుమ్మం ముందుకి తెచ్చి ఇస్తోంది. మా అమ్మావాళ్ళు ఇదే కాలవ నీళ్ళు కావిళ్ళతో తెచ్చి, కుండలో ఇండుపగింజ అరగదీసి తేర్చి తాగారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టి పోయాడు. ఊరూరా ఆయన విగ్రహం పెట్టాం, ఏటా మే 15న దండలేస్తాం, వాడాక ఆ దండల్ని తీసుకెళ్ళి ఆయన తవ్వించిన కాలవలోనే పారేస్తాం. ఎవడో బయటివాడు వచ్చి చేసిన పాపం కాదిది. హోటలు మురుగు వదిలేది మనమే. సెప్టిక్ ట్యాంకు గొట్టం రాత్రిపూట కాలవలోకి తిప్పేది మనమే. వరిచేలు రొయ్యల చెరువులు చేసి, సముద్రపు ఉప్పు ఊళ్ళోకి తెచ్చి, పక్కవాడి బావి చెడగొట్టి, కౌలు డబ్బు లెక్కపెట్టుకునేది మనమే. మంచినీళ్ళ చెరువుని చేపల పాటకిచ్చిన ఊళ్ళు ఎన్నో లెక్కేసుకోండి. ఆ తర్వాత నదిగట్టున కూర్చుని ఆటోలో వచ్చే నీళ్ళ టిన్నుకి డబ్బులిచ్చి, చల్లగా తాగి, మాది పచ్చటి కోనసీమ అని ఫొటోలు పెట్టుకుంటాం. సిగ్గుండాలి. గ్రాములో పదోవంతు తూచే కాటా దొరికింది గానీ, కాలవలో ఏం పోస్తున్నామో చూసే కళ్ళు దొరకలేదు మనకి. టిన్ను కొనలేని ఇంట్లో పిల్లలు ఏం తాగుతున్నారో అడిగినవాడు లేడు.

బామ్మర్ది ఆ రోజు కాలవగట్టున చాలాసేపే ఉన్నాడు. పెన్ను కడిగి ఇమ్మని అల్లుడు అరుస్తుంటే, దేంతో కడగాలి బావగారూ అని అడిగాడు.

వచ్చే సంక్రాంతికి అల్లుడు నిజమైన మిషనే తెస్తాడట, 9 బార్లదే. మామగారు అప్పుడే ఎలక్ట్రీషియన్ని పిలిచి వంటింట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు వేయిస్తున్నారు. మిషనుకి నీళ్ళు ఎక్కువ కావాలని చెప్పాట్ట, టిన్నుల అబ్బాయికి రోజుకి ఇంకో రెండు వెయ్యమని ముందే కబురు పెట్టారు.