సేటు ఫోన్ ఎత్తితేనే కదిలే మిల్లు

వరి కోతలు ఊపందుకున్నాక మిర్యాలగూడలో ఏదో ఒక మిల్లు గేటు దగ్గర అరగంట నిలబడితే చాలు, లోపల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది. పచ్చి ధాన్యానికి ఎంత రేటు కట్టాలో సేటు చెప్పాలి. బాయిలర్‌కు మెకానిక్‌ను పిలవాలన్నా సేటే. రోజుకు పది లోడ్లప్పుడు ఇది నడిచింది. సాగర్ ఎడమ కాలువ నిండుగా పారిన ఏడాది యాభై లోడ్లు వస్తే సేటు ఫోన్ ఎంగేజ్, రోడ్డు పొడవునా ట్రాక్టర్లు.

అప్పుడు చాలామంది చేసేది మేనేజర్లను పెట్టడం. దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. 1933లోనే గ్రైకూనాస్ అనే కన్సల్టెంట్ లెక్కగట్టాడు: ఒక అధికారి కింద ఐదుగురుంటే విడివిడిగా, జట్లుగా ఏర్పడే సంబంధాలు 100, ఆరో మనిషి చేరగానే 222. అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు గానీ, ఆరో మనిషి తెచ్చే తలనొప్పి నిజమే.

నా మటుకు, ముందు పనిని విడదీసి తర్వాత మనిషిని వెతకాలి. మిల్లులో నడిచేవి రెండు వ్యాపారాలు. సర్కారు ఇచ్చిన ధాన్యం మరాడించి క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో గడువులోగా అప్పగించడం ఒకటి. సన్నాలు సొంతంగా కొని అమ్ముకోవడం ఇంకొకటి. మొదటిదానికి తూకం, గడువు ముఖ్యం. రెండోదానికి రేటు పసిగట్టే చొరవ కావాలి. రెండూ ఒకరికే అప్పజెబితే, బజారు లేచిన వారం సర్కారు బియ్యం మూలన పడుతుంది.

పని అప్పజెప్పి, ఎలా చేయాలో చేసేవాళ్లకే వదిలేసే ఏర్పాటు పాలమూరు కూలీలకు కొత్త కాదు. కూలీల జట్టును నడిపే గుంపు మేస్త్రీ పేరు ఈమధ్య నాయకుల నోట నలిగి ఎగతాళి మాటైంది గానీ, ఆ పద్ధతిలో పనితనం ఉంది. కాంట్రాక్టరు కొలత లెక్కన పని అప్పజెబుతాడు. ఎవరు పార పట్టాలో, ఎవరు తట్ట మోయాలో మేస్త్రీ ఇష్టం. అయితే అడ్వాన్సు, హాజరు, కూలి లెక్క కూడా ఆ ఒక్కడి చేతిలోనే ఉంటే ఏమవుతుందో అప్పు తీరక వలసలోనే ఉండిపోయిన కుటుంబాలు చెబుతాయి. అందుకే ధాన్యం కొనేవాడు, కాంటా వేసేవాడు, డబ్బు చెల్లించేవాడు వేర్వేరు మనుషులై ఉండాలి.

మన దగ్గర ఆ ముగ్గురూ బామ్మర్ది, తమ్ముడు, పెద్దకొడుకు అవుతారు. తప్పేం లేదు. కుర్చీ వాళ్లకిచ్చి అధికారం తన దగ్గరే పెట్టుకోవడంతోనే చిక్కు. యాభై వేల లోపు రిపేరు బామ్మర్దే తేల్చుకోవచ్చని కాగితం మీద రాశాక కూడా మిషన్లు నడిపే మిల్లు డ్రైవరు అలవాటుగా సేటుకే ఫోన్ చేస్తాడు. "ఆయన్నే అడుగు" అని సేటు పెట్టేయాలి. మొదటి రిపేరుకు బామ్మర్ది నాలుగు వేలు ఎక్కువే పెట్టినా, ఆ రాత్రి భోజనాల దగ్గర దాని ఊసెత్తకూడదు.